గుండెలయ చికిత్స పిమ్మట గృహిణి కనిపెట్టవలసిన గుర్తులు

ఇంట నెవరికైన జబ్బు చేసినపుడు వైద్యుడు రోగిని చూచునది కొలది నిమిషములు మాత్రమే. తక్కిన దినమంతయు కనిపెట్టుకొని యుండునది గృహిణియే. గుండెలయకు చికిత్స పొంది యింటికి వచ్చినవారి విషయమున నీ మాట మరింత నిజము. ఏలయన, ఆ చికిత్సవలన నరుదుగా గలుగు కీడులలో గొన్ని యాసుపత్రి విడిచిన పిమ్మటనే బయటపడును.

గుండె పైగదులు క్రమము తప్పి వడివడిగా నదరుటను ఆట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. ఊపిరితిత్తులనుండి ఎడమ పైగదిలోనికి వచ్చు సిరలనుండియే యీ యలజడి తరచుగా బయలుదేరుచున్నదని 1998లో ఫ్రాన్సు దేశమందలి బోర్డో నగర వైద్యులు తెలిపిరి. గజ్జలోని సిరగుండ సన్నని గొట్టమును గుండెలోనికి పంపి, ఆ సిరల మొదళ్లచుట్టు వేడిమిచేతనో, అతిశీతలముచేతనో, ఇటీవల విద్యుత్తుచేతనో మచ్చలు గావించి యలజడి నరికట్టుదురు. దీనినే ఎబ్లేషన్ అందురు.

మొదట, భయపడ నక్కరలేనివి తెలిసికొందము. గజ్జలో కమిలిన మచ్చ, కొద్దిపాటి నొప్పి, కొలది దినముల యలసట సహజములు. మొదటి రెండు మూడు నెలలలో గుండె యప్పుడప్పుడు దడదడలాడినంతమాత్రమున చికిత్స వ్యర్థమైనదని క్రుంగరాదు. లోపలి గాయము మానుట కంత కాలము పట్టును. దడ విడువకున్నను, తల తిరిగినను వైద్యునికి తెలుపవలెను.

గజ్జనుండి రక్తము కారినచో రోగిని వెల్లకిల పరుండబెట్టి, శుభ్రమైన బట్టతో నా చోటును పది నిమిషములు విడువక గట్టిగా నదిమిపట్టవలెను. రక్తము ధారగా వచ్చినను, ఆగకున్నను, ఉబ్బు పెరుగుచున్నను, కాలు చల్లబడినను వెంటనే యాసుపత్రికి గొంపోవలెను. ఇచట నొక మాట చెప్పక తప్పదు. గజ్జలోని యీ బాధలు పురుషులకంటె స్త్రీలకే యెక్కువ. గాయమున్న చోటు చూపుటకు సిగ్గుపడి, రేపటికి తగ్గునులే యని దాచుకొను తల్లులును అత్తలును మన యిండ్లలో నెందరో! కావున కూతురో కోడలో మొదటి దినములలో ఉదయము సాయంకాలము తానే యడిగి చూడవలెను. సిగ్గు ప్రాణముకంటె పెద్దది కాదు.

ఛాతీలో బరువు, ఊపిరాడకుండుట, చెమటలు, సొమ్మసిల్లుట కలిగినచో గుండెచుట్టునుండు పొరలో రక్తము చేరినదేమో యని శంకింపవలెను. నోరు వంకరపోయినను, చేయి వాలినను, మాట తడబడినను రక్తపు గడ్డ మెదడునకు జేరినదేమో యని తలపవలెను. అట్టితరి నాలసింపక 108కు టెలిఫోను చేయవలెను. రక్తము గడ్డకట్టకుండ నిచ్చిన మాత్రలను, లయ కుదిరినట్లు తోచినను, వైద్యుడు చెప్పనిదే మానరాదు.

ఇక మిక్కిలి యరుదైనను మిక్కిలి ఘోరమైన దొకటి కలదు. ఎడమ పైగది వెనుకనే యన్నవాహిక యానుకొని యుండును. వేడిమి సోకి యది పుండుపడి, కొన్ని వారములకు రెంటి నడుమ రంధ్రము పడవచ్చును. 2004లో వైద్యులు దీనిని మొదట వెల్లడించిరి. ఇది వేయిమందిలో నొకరికైనను రాదు. వచ్చినవారిలో సగముకంటె నెక్కువమంది మరణించుచున్నారు. సాధారణముగా నొకటి మొదలు నాలుగు వారములలో, ఒక్కొకప్పుడు రెండు నెలలకును, జ్వరము, చలి, ఛాతీనొప్పి, మ్రింగునపుడు బాధ, రక్తపు వాంతి, పక్షవాత లక్షణములు పొడచూపును. అప్పటికి గజ్జగాయము మానిపోవును. ఇంటివారు దానిని మామూలు జ్వరమనుకొని మాత్రలిచ్చి యూరకుందురు. క్రొత్త వైద్యునికి ఎబ్లేషన్ మాటయే చెప్పరు. ప్రమాదమంతయు నిచటనే యున్నది. ఆ సంగతి తెలియక ఎండోస్కోపీ చేసినచో, లోపలికూదిన గాలి రక్తములో ప్రవేశించి మెదడున కెక్కవచ్చును. ముందుగా ఛాతీకి సి.టి. స్కాను తీయించుటయే క్షేమము.

కావున చికిత్స జరిగిన తేదీని గోడ క్యాలెండరుపై పెద్ద యక్షరములతో వ్రాయుడు. ఆసుపత్రి చీటిని అందరి చేతికి నందుచోట నుంచుడు. రెండు నెలలలోపల జ్వరము వచ్చినచో, ఏ వైద్యునియొద్దకు బోయినను మీ నోట రావలసిన మొదటి మాట, "గుండెకు ఎబ్లేషన్ జరిగినది" యనునదే. ఆ యొక్కమాట మీ యింటివారి ప్రాణము నిలుపవచ్చును.