మిలిటరీ గవర్నర్ నుంచి ఓటు పెట్టె దాకా

సైనిక పాలన అనగానే మన ఇళ్ళలో అయూబ్ ఖాన్, జియావుల్ హఖ్ పేర్లే వినిపిస్తాయి. మన హైదరాబాద్ కూడా పదిహేను నెలలకు పైగా మిలిటరీ గవర్నర్ ఏలుబడిలో ఉందని పిల్లలకు చెప్పే పెద్దలు తగ్గిపోయారు. చెప్పినా 'సుకూతె హైదరాబాద్' అని ఒక నిట్టూర్పుతో ఆపేస్తారు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యారు. తరువాతి వారాల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద విరుచుకుపడిన ఘోరాన్ని విచారించడానికి నెహ్రూ పంపిన బృందంలో పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్నారు. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వారి అంచనా. రజాకార్ల దౌర్జన్యాలనూ, పొరుగు ముస్లింలను కాపాడిన హిందువులనూ వారు దాచలేదు. ఆ నివేదిక మాత్రం దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013లో గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదువరులకు అందలేదు. అడిగే శాసనసభ లేని కాలంలో జరిగిన దానికి జవాబు చెప్పేదెవరు?

ఆ ప్రభుత్వం 1949 ఆగస్టులో జాగీర్లను రద్దు చేసింది. రైతుకు మేలే. అయితే అదీ ఫర్మానా లాంటిదే, ప్రజలను అడిగి చేసింది కాదు. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు 'షూరా', అంటే సంప్రదింపు, అనే పేరుంది. మన పాలకుల్లో ఎందరు దాన్ని పట్టించుకున్నారు? నిజాం కాలంలోనూ వయోజన ఓటుతో ఎన్నికైన ప్రభుత్వం లేదు. కనుక ప్రజాస్వామ్యం 'తిరిగి' వచ్చిందనడం మనకు పొసగదు. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలనీ, యూనియన్‌లో చేరాలనీ రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు నరికి చంపింది మన అంబర్‌పేట్ పక్కనే, కాచిగూడ ప్రాంతంలోనే. ఆయనా నమాజీల ఇంటి బిడ్డే.

చౌధురి తరువాత 1950లో వచ్చిన ఎం.కె. వెల్లోడి సివిల్ అధికారి. ఆయననూ ఎవరూ ఎన్నుకోలేదు. 1952 ఎన్నికలతోనే బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం ఏర్పడింది. భయంతో తలుపులు మూసుకున్న నగరంలో శాలిబండ నుంచి మాసూమా బేగం గెలిచారు. అదే ఏడాది ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ తెలుగు రైతులు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను సభకు పంపారు. మాసూమా బేగం 1960లో సంజీవయ్య మంత్రివర్గంలో చేరి, ఆంధ్రప్రదేశ్‌లో తొలి ముస్లిం మహిళా మంత్రి అయ్యారు.