ముల్లు దిగిందని మురిసిపోకండి

మొన్న మే నెలలో బాబాయి లారీలో నంద్యాల నుంచి గిద్దలూరు బయల్దేరాను. వెనక బేతంచెర్ల బండల లోడు. నల్లమల ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లి, ఒక్కసారిగా కిందికి పడిపోయింది.

"హమ్మయ్య, చల్లబడింది బాబాయ్!" అన్నాను.

ఆయన మాట్లాడకుండా లారీని పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాడు. "ఎక్కుడు ఇంకా అయిపోలేదు, గాలి లేదు. ఎట్లా చల్లబడుతుందిరా? నీళ్లు పోయినాయి" అన్నాడు.

రోజంతా స్క్రీన్ మీద అంకెల్ని నమ్మే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. ఆ మాట బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. ముల్లును నడిపే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లు పోయి అది గాలిలో తేలితే, ఇంజిన్ కాలిపోతున్నా తక్కువే చూపించొచ్చు. నేను మురిసిపోయిన ఆ క్షణమే అసలు ప్రమాదం. ఇంకో రెండు కిలోమీటర్లు లాగి ఉంటే హెడ్ పగిలేదో, గ్యాస్కెట్ కాలేదో! ఆ ఖర్చు మీద పడితే లారీ కిస్తీ కట్టడం ఎలా?

కిందికి దిగి చూస్తే రేడియేటర్ కింది హోస్ క్లిప్పు దగ్గర చీలింది. నేను మూత తియ్యబోతే బాబాయి చెయ్యి పట్టుకుని లాగేశాడు. తన మోచేతి మీద మచ్చ చూపించాడు. క్లీనర్‌గా ఉన్నప్పుడు కాలిందట. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. మూత బిగించి ఉంటే లోపలి ఒత్తిడి వల్ల అంతకన్నా వేడెక్కినా మరగవు. మూత తీశామా, ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి.

గంట సేపు ఆగాం. ఈలోగా నా ప్రశ్నలకు ఆయన జవాబులు చెబుతూనే ఉన్నాడు. ఎక్కుడులో డీజిల్ ఎక్కువ మండుతుంది, వేడి పెరుగుతుంది. బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఎదురుగాలి తగలదు. అందుకే పెద్ద గేరులో ఈడ్చకుండా ముందే గేరు తగ్గించాలి. అప్పుడు ఇంజిన్‌తో పాటు వాటర్ పంపు, ఫ్యాను కూడా జోరుగా తిరుగుతాయి. నీళ్లు ఉండి వేడెక్కితే బండి ఆపి ఇంజిన్‌ని ఐడిల్‌లో ఉంచాలి. నీళ్లే పోతే వెంటనే ఆపేయాలి.

చీలిన కొస కోసేసి, హోస్‌ని మళ్లీ బిగించాడు. తాగడానికి తెచ్చుకున్న క్యాన్ నీళ్లు కొంచెం కొంచెంగా పోశాడు. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుందట.

గిద్దలూరులో హోస్ మార్పించి, కూలెంట్ పోయించాం. బోరు నీళ్లు పోస్తూ పోతే టీ గిన్నె అడుగున పట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ తెల్లగా గార కడుతుంది. ఘాట్ ఎక్కే ముందు హోసులు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ రెక్కల్లో దుమ్ము చూసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.

ఇప్పుడు ఆఫీసులో ఏ అంకె అయినా ఉన్నట్టుండి బాగుపడితే నేను సంతోషించను. నీళ్లున్నాయా అని ముందు చూస్తాను.