ముందే సిద్ధమైన చేతులు

2025 ఫిబ్రవరి 22న మన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద ఎస్సెల్బీసీ సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. ఒక్కరినీ ప్రాణాలతో తేలేకపోయారు. అయినా ఆ బురదలోకి దిగగలిగినవారు సైన్యం ఇంజనీర్లు, సింగరేణి రక్షణ బృందాల వంటి ముందే శిక్షణ పొందినవారే.

రిజర్వు దళాల ఉద్దేశం కూడా ఇదే. మన దేశంలో 1949లో మొదలైన టెరిటోరియల్ ఆర్మీలో చేరినవారు తమ ఉద్యోగం, వ్యాపారం చేసుకుంటూనే ఏటా కొన్నాళ్లు శిక్షణ పొందుతారు. పిలుపు వస్తే సైనికులవుతారు. రైల్వే ఉద్యోగులతో ఏర్పడిన ఇంజనీరు దళాలూ ఇందులో పనిచేశాయి. అమెరికా రిజర్వు ఇంజనీర్లయితే మధ్య అమెరికా దేశాలకు వెళ్లి బడులు, క్లినిక్‌లు కట్టి వచ్చారు. అక్కడి పేదలకు వసతి, వీరికి అభ్యాసం.

2023 భూకంపం తర్వాత 'ఆపరేషన్ దోస్త్' పేరిట మన సైన్యం తుర్కియేలోని ఇస్కెండెరున్‌లో 30 పడకల ఆస్పత్రి నడిపింది. అది పూర్తికాలపు సైనికుల దళం. ఇలాంటి సేవలో రిజర్వు డాక్టర్లు, ఇంజనీర్లు తోడైతే మరింత మేలని మేము భావిస్తున్నాం. అయితే ఆ దేశం సాయం కోరాలి. తిరిగి వచ్చేదాకా ఇక్కడ వారి ఉద్యోగం నిలవాలి.

దేశమంతటా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల బిడ్డలం మనం. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద అలంపూర్, రాజోలిలను ముంచింది. మళ్లీ అలాంటి రోజు వస్తే? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ యువకులకు ప్రథమ చికిత్స, ఈత, కరెంటు పని నేర్పించడానికి దాతలు ఇప్పుడే చేయూతనివ్వాలని మా మనవి. ఆపద వచ్చాక ఇచ్చేది ఆకలి తీరుస్తుంది. ముందుగా ఇచ్చేది ప్రాణం కాపాడవచ్చు.