ప్రతి చీలికా సముద్రం కాదు

2005 సెప్టెంబరులో ఇథియోపియాలోని అఫార్ ఎడారిని వరుస భూకంపాలు కుదిపేశాయి. కొద్ది వారాల్లోనే సుమారు 60 కిలోమీటర్ల పొడవునా భూమి చీలింది. కొన్నిచోట్ల అటూ ఇటూ ఉన్న నేల 8 మీటర్ల దాకా ఎడం జరిగింది. మామూలుగా అక్కడి భూఫలకాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లే విడిపోతాయి. అంటే కొన్ని శతాబ్దాలుగా పేరుకున్న బిగువు ఒక్కసారిగా సడలిందన్నమాట.

ఖండం చీలడమంటే రొట్టె తుంచినట్టు కాదు. ఖండాల కింద భూపటలం 35-40 కిలోమీటర్ల మందం ఉంటుంది. దాన్ని రెండు వైపులా లాగితే ముందు సాగి పలచబడుతుంది. పైభాగం చల్లగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి విరుగుతుంది. విరిగిన దిమ్మెలు కిందికి జారి, పొడవాటి లోయ ఏర్పడుతుంది. పలచబడిన చోట కిందనున్న మాంటిల్ శిల పైకి లేస్తుంది. అది కరగడానికి కొత్తగా వేడి తగలనక్కర్లేదు. ఇదే చాలామందికి నమ్మబుద్ధి కాని సంగతి! పైనున్న బరువు తగ్గితే చాలు, ఉన్న వేడికే కొంత కరుగుతుంది. అఫార్ పగుళ్లలోకి ఎగదన్నింది ఆ శిలాద్రవమే.

సాగుదల ఆగకపోతే ఖండపు పటలం తెగిపోతుంది. అప్పుడు శిలాద్రవం గట్టిపడి బసాల్ట్ రాతి సముద్రగర్భంగా మారుతుంది. ఎర్రసముద్రం ఈ దశలో ఉంది. అట్లాంటిక్ ఎప్పుడో దాటేసింది. దాని నడుమనున్న పర్వతశ్రేణి దగ్గర నేటికీ కొత్త నేల పుడుతూనే ఉంది.

మధ్యలో ఆగిపోయిన చీలికలూ ఉన్నాయి. మన ప్రాణహిత-గోదావరి లోయ అలాంటిదే. సుమారు 28 కోట్ల ఏళ్ల కిందట గోండ్వానా ఖండం ఇక్కడ సాగింది, నేల కుంగింది. ఆ పల్లంలో చేరిన చెట్టూచేమా ఇసుక, మట్టి పొరల కింద పడి సింగరేణి బొగ్గయింది. కానీ సముద్రం మాత్రం రాలేదు. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు తెగింది ఈ లోయ వెంట కాదు, నేటి తూర్పు తీరం వెంట.

లోయ ఆగిపోయినా దాని పగుళ్లు అతుక్కోలేదు. భారత ఫలకం ఉత్తరాన ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి ఫలకమంతటా పాకుతుంది, బలహీనమైన పాత పగుళ్ల దగ్గర బయటపడుతుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ దాకా తెలిసింది.