స్నాతకోత్తర విద్యలో జమ, వసూలు, బాకీ

ఖమ్మము నుండి సత్తుపల్లి పోవు మార్గమున వైరా దాటిన పిమ్మట తల్లాడ వచ్చును. అచ్చటి కూడలినుండి ఒక దారి ఏన్కూరు మీదుగా కొత్తగూడెము వైపునకు, అనగా అడవిసీమకు, చీలిపోవును. ఒక సంక్రాంతి సెలవులలో మేము ఆ కూడలిలో బస్సు కొరకు నిలిచియుండగా, మాకు చిరపరిచితుడైన ఒక మిరపరైతు తన చేతిఫోనును మా ముందుంచి, "సారూ, మా అమ్మాయి చదువు ఇంక నాలుగు నెలల్లో అయిపోతదంట. ఇది పంపింది. పైన మొత్తం పచ్చగనే ఉంది, కింద ఒక్క గీత ఎర్రగ ఉంది. ఏమీ కాదు నాన్నా అంటది. మీరు ఒకసారి చూడరాదా?" అని అడిగెను. ఆ అమ్మాయి అమెరికాలో ఒక విశ్వవిద్యాలయమున ఎం.ఎస్. చదువుచున్నది. ఆమె పంపినది అచ్చటి విశ్వవిద్యాలయపు 'డిగ్రీ ఆడిట్' అను పట్టిక. ఆ ఎర్రగీతను చదువుటకు మాకు అర్ధగంట పట్టినది. ఈ వ్యాసము ఆ అర్ధగంటలో పుట్టినదే.

తెలుగు శాఖవారి పత్రికలో ఈ విషయమేల అని పాఠకులు శంకింపవచ్చును. మా సమాధానము ఒక్కటే. ఈ పట్టికలో నున్న భావము మనకు క్రొత్తది కాదు. దానికి తగిన మాటలు మన పల్లెల లెక్కలలో తరతరములుగా వాడుకలో నుండి, ఇటీవలనే మరుగుపడినవి. మాట మరుగుపడగా భావమును చదువుటయు కష్టమైనది.

ఖమ్మము సీమ 1953 వరకు వరంగల్లు జిల్లాలోని భాగము. నిజాము రాజ్యమున రెవిన్యూ వ్యవహారము ఉర్దూలో సాగెను. గ్రామపు పట్వారీ వ్రాసిన లెక్కలను ఏటేట పై అధికారి వచ్చి సరిచూచు పనికి జమాబందీ యని పేరు. ఆ లెక్కకు మూడు అంగములు: జమ, వసూలు, బాకీ. రెవిన్యూ పరిభాషలో జమ యనగా చెల్లవలసిన మొత్తము. వసూలు అనగా చెల్లినది. బాకీ యనగా మిగిలినది. కాని వర్తకుల చిట్టా ఆవర్జాలలోను, నేటి బ్యాంకులలోను జమ యనగా ఖాతాలో చేరిన సొమ్ము. ఒకే మాట ఒకచోట 'రావలసినది', మరియొకచోట 'వచ్చినది' అగుచున్నది. నిఘంటువులలో ఈ రెండర్థములు ప్రక్కప్రక్కన నుండుట నిరపాయమే. విద్యార్థి జీవితమున మాత్రము ఈ రెంటిని కలగలుపుట ప్రమాదకరము. పైన చెప్పిన అమ్మాయి చేసిన పొరపాటు సరిగా ఇదియే.

ముందుగా క్రెడిట్ అను మానమును గూర్చి ఒక మాట. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము (యు.జి.సి.) వారి క్రెడిట్ విధానము ననుసరించి, వారమునకు ఒక గంట ఉపన్యాసము, లేక రెండు గంటల ప్రయోగశాల పని, ఒక సెమిస్టరు పర్యంతము సాగినచో అది ఒక క్రెడిట్. సెమిస్టరనగా పదునైదు మొదలు పదునెనిమిది వారములు. ఇటీవల 2023 నాటి జాతీయ క్రెడిట్ చట్రములో విద్యార్థి స్వయముగా చదువుకొను కాలమును గూడ చేర్చి ముప్పది గంటలకు ఒక క్రెడిట్ అనియు, సంవత్సరమునకు నలుబది క్రెడిట్లనియు నిర్ణయించిరి. అమెరికాలో ఎం.ఎస్. పట్టమునకు చాలచోట్ల ముప్పది క్రెడిట్లు ఉండును. ఒక్కొక్క పాఠ్యాంశమునకు మూడు చొప్పున పది పాఠ్యాంశములు. ఈ లెక్క కంఠస్థము కాని విద్యార్థి లేడు. 'ముప్పది' అను అంకె ఒక్కటే జమ అనుకొనుట తరువాతి కష్టములకు మూలము.

పట్టమునకు జమ యనగా ఒక మొత్తము కాదు, కొన్ని పద్దుల సముదాయము. ఇన్ని తప్పనిసరి పాఠ్యాంశములు, ఇన్ని ఐచ్ఛికములు, వానిలో ఇన్ని ఈ తరగతికి చెందినవై యుండవలెను, సగటు శ్రేణి ఇంతకు తగ్గరాదు, సిద్ధాంతవ్యాసమో దానికి మారుగా మరియొకటో ఉండవలెను, ఇంత కాలములో ముగియవలెను. ఇట్లు ప్రతి నిబంధన ఒక పద్దు. ఒక పద్దులో చేరిన క్రెడిట్ మరియొక పద్దును తీర్చకపోవచ్చును. కొన్ని క్రెడిట్లు ఏ పద్దునను తీర్చవు. ఇచ్చట బి.ఎస్సీ.లోనో మరియొక ఇంజనీరింగు శాఖలోనో పట్టము పొంది అచ్చట కంప్యూటరు శాస్త్రము చదువబోవువారికి మొదటి సెమిస్టరులో పునాది పాఠములు విధించుట కలదు. అవి మార్కుల పట్టికలో కనబడును, వానికి రుసుము చెల్లును, వీసా నిబంధనకు కావలసిన సంఖ్యలో లెక్కకు వచ్చును. పట్టమునకు మాత్రము సాధారణముగా లెక్కకు రావు.

ఈ పద్దులన్నిటిని యంత్రముచే సరిచూపించు ప్రయత్నము 1980ల దశాబ్దమున ఒహాయో రాష్ట్రములోని మయామీ విశ్వవిద్యాలయమున బలపడెను. 'డార్స్' అను పేర అచ్చట రూపొందిన పద్ధతి తరువాత అనేక విశ్వవిద్యాలయములకు వ్యాపించెను. నేడు 'డిగ్రీ వర్క్స్' మొదలగు మరికొన్నియు వాడుకలో నున్నవి. వీనియన్నిటి పని ఒకటే. ఒక వైపు విద్యార్థి చేరిన యేటి నిబంధనావళి నుంచుకొని, మరియొక వైపు అతని మార్కుల పట్టిక నుంచుకొని, ఏ పాఠ్యాంశము ఏ పద్దులో ఇముడునో చూచి, మిగిలినదానిని చూపును. చేరిన యేడు అనుట గమనింపదగినది. నిబంధనలు తరువాత మారినను, విద్యార్థికి సాధారణముగా తాను చేరిన యేటి జమయే వర్తించును. తనకంటె ఒక యేడు ముందు చేరిన స్నేహితుని పట్టికను చూచి తన చదువును నిర్ణయించుకొనువారు ఇచ్చటనే దెబ్బతినుచున్నారు. మన ఊళ్ల పిల్లలలో ఈ అలవాటు మెండు. ఒకే గదిలో నలుగురుండి, ఒకరు ఎన్నుకొన్న పాఠ్యాంశములనే నలుగురును ఎన్నుకొందురు.

మరియొక సూక్ష్మము. ప్రస్తుతము చదువుచున్న పాఠ్యాంశమును యంత్రము 'సాగుచున్నది' అని గుర్తించి, ఉత్తీర్ణమగునను ఊహతో పద్దులో ముందే చేర్చి చూపును. కావున ఈ సెమిస్టరు ముగిసిన పిమ్మట ఎర్రగీత తానే పచ్చబడునను ఆశకు తావు లేదు. చదువుచున్నది కలుపుకొన్న తరువాతకూడ ఎర్రగా నున్నదనగా ఆ పద్దునకు ఎవరును ఏమియు చెల్లించుట లేదని అర్థము.

ఇప్పుడు తల్లాడ కూడలికి వత్తము. ఆ అమ్మాయి మూడు సెమిస్టర్లలో తొమ్మిదేసి క్రెడిట్లు చదివినది. నాలుగవదానిలో మూడు మిగిలినవని లెక్కించి, కడపటి సెమిస్టరు గనుక తక్కువ భారమునకు అనుమతి పొంది, ఒకే పాఠ్యాంశమునకు పేరు వ్రాయించుకొన్నది. మొత్తము ముప్పది. పట్టిక పైవరుస పచ్చగా నుండుటకు కారణమిదే. అది చదివిన క్రెడిట్లనన్నిటిని కూడి చూపుచున్నది. క్రింద ఐచ్ఛికముల పద్దులో పదునెనిమిదికి పదునైదే చేరినవి. మొదటి సెమిస్టరులో చదివిన పునాది పాఠము పట్టిక అడుగున 'ఏ పద్దునను చేరనివి' అను శీర్షిక క్రింద ఒంటరిగా నుండెను. వసూలు ముప్పది, జమ ముప్పది, ఐనను బాకీ మూడు! కూడికలు తెలిసిన రైతు దీనిని నమ్మలేక, "ముప్పై కట్టినంక ఇంకా మూడు ఎట్ల బాకీ ఉంటది సారూ?" అనెను. "భూమి శిస్తు బాకీ ఉన్నప్పుడు నీటితీరువా కింద కడితే శిస్తు తీరునా?" అని మేమడిగితిమి. ఆయన మరి మాటాడలేదు. వెంటనే ఫోను తీసి కూతురునకు చేసెను.

అచ్చట అప్పటికి అర్ధరాత్రి. క్రొత్త పాఠ్యాంశమును చేర్చుకొనుటకు ఇంకను ఐదు దినముల గడువున్నదని ఆమె చెప్పినది. సలహాదారుడైన ఆచార్యునికి వ్రాసి, ఆ పునాది పాఠమును మినహాయింపుగా ఐచ్ఛికమున చేర్చుకొందురేమో అడుగుమంటిమి. అట్టి మినహాయింపు ఇచ్చు అధికారము యంత్రమునకు లేదు, మనిషికే కలదు. ప్రత్యుత్తరము రెండు దినములలో వచ్చినది: వీలుపడదు. ఆమె మరియొక పాఠ్యాంశమును చేర్చుకొన్నది. దాని రుసుము మిరపకోత కూలీలకై తండ్రి దాచిన సొమ్మునుండి పోయినది. గడువు దాటియున్నచో పట్టము ఆ వసంతమున వచ్చెడిది కాదు. విద్యార్థి వీసాపై నున్నవారికి ఐ-20 అను పత్రములో చదువు ముగియు తేది వ్రాసియుండును. ఆ తేదికి ముందే పొడిగింపు కోరవలెను, దానికి తగిన విద్యావిషయక కారణమో అనారోగ్య కారణమో చూపవలెను. చూపిన కారణము చాలునా చాలదా అని నిర్ణయించునది విద్యార్థి కాదు. వేసవిలో ఇంటర్నెట్టు ద్వారా చదివి పూరింతమన్నను, ఒక సెమిస్టరునకు అట్టి పాఠ్యాంశము ఒక్కటి మాత్రమే పూర్తికాలపు చదువు లెక్కలోనికి వచ్చును.

ఇక మన దేశము. 2021 జూలైలో యు.జి.సి. 'అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్' నియమావళిని ప్రకటించినది. ప్రతి విద్యార్థికి పండ్రెండంకెల సంఖ్యతో ఒక ఖాతా. డిజిలాకరులో దానిని తెరచి చూచుకొనవచ్చును. విద్యార్థి తాను నేరుగా ఏ క్రెడిట్టును జమ చేయజాలడు, సంస్థయే చేయవలెను. జమయైన క్రెడిట్లకు గరిష్ఠముగా ఏడేండ్ల ఆయువు. వేరొక సంస్థలో సంపాదించినవానిని తెచ్చుకొనవచ్చును గాని, పట్టమిచ్చు సంస్థలో కనీసము సగము సంపాదింపవలెను. మధ్యలో చదువు మానినవారు తిరిగి వచ్చుటకు ఇది మంచి ఏర్పాటని మా అభిప్రాయము. అడవి అంచున నున్న ఏన్కూరు, జూలూరుపాడు ప్రాంతముల పిల్లలలో, ముఖ్యముగా ఆడపిల్లలలో, అట్టివారు మాకు ఏటేట తారసపడుచున్నారు.

ఐనను పేరులోనే యున్నది: ఇది బ్యాంకు. వచ్చినదానిని చూపును, రావలసినదానిని చూపదు. వసూలు పట్టిక యేగాని జమాబందీ కాదు. 'నా ఖాతాలో డెబ్బదియారు ఉన్నవి' అని చెప్పగల విద్యార్థి తనకు ఏ పద్దులో ఏమి బాకీయో చెప్పలేడు. ఆ సమాధానము కొరకు అతడు సూచికాపుస్తకమును, కార్యాలయ గుమాస్తాను, తుదకు స్నేహితులను ఆశ్రయించుచున్నాడు. మొదటి సెమిస్టరులో తప్పిన ఒక పత్రము సంగతి పట్టా చేతికి రావలసిన వేళకు గాని తెలిసిరాని ఉదంతములు మా అధ్యాపక జీవితమున ఒకటి కంటె నెక్కువ.

పేరుల చిక్కు మరియొకటి. ఖాతా తెరచుటకు ఆధారు కావలెను. పదవతరగతి పత్రమున ఇంటిపేరు మొదట పొడి అక్షరముగా నుండును. ఆధారులో అది పూర్తిగా విస్తరించి, ఒక్కొక్కప్పుడు పేరునకు వెనుక చేరును. పెండ్లియైన ఆడపిల్లకు అత్తవారి ఇంటిపేరు వచ్చి చేరును. ముగ్గురు మనుష్యులు తయారగుదురు, చదివినది ఒక్కతె. ఇంటిపేరు ముందుండుట తెలుగువారి సంప్రదాయమని మనము తరగతిలో బోధింతుము. మీసేవా కేంద్రమున నిలుచున్న అమ్మాయికి ఆ సంప్రదాయము ఒక దినపు కూలిని, రెండు బస్సు చార్జీలను ఖర్చు పెట్టించుచున్నది. మొదటి సెమిస్టరులోనే మూడు పత్రములలోని పేరును అక్షరమక్షరము సరిచూచుకొనుట మేలు.

పరిశోధక విద్యార్థులకు కాలమే పెద్ద పద్దు. 2022 నవంబరు నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము పిహెచ్.డి.కి కోర్సువర్కు పండ్రెండు క్రెడిట్లకు తగ్గరాదు. దానిలో నూటికి యేబదియైదు మార్కులు రావలెను. కోర్సువర్కుతో కలిపి కనీసము మూడేండ్లు, గరిష్ఠముగా ఆరేండ్లు. పునర్నమోదుతో మరి రెండేండ్లు దొరకవచ్చును. స్త్రీలకు, నూటికి నలుబదికి మించిన వైకల్యము గలవారికి ఇంకను రెండేండ్ల సడలింపు కలదు. స్త్రీలకు మొత్తము మీద 240 దినముల వరకు ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు ఈయవచ్చును. సెమిస్టరునకొకమారు పరిశోధన సలహాసంఘము ఎదుట నివేదిక సమర్పింపవలెను. ఇవన్నియు పద్దులే. వీనిలో ఒక్కదానినైనను బ్యాంకు ఖాతా మనకు జ్ఞాపకము చేయదు. పరిశోధకురాలొకతె కోయ పలుకుబడిపై సామగ్రి సేకరించుచు రెండేండ్లు గ్రామములు తిరిగి, నివేదికలు సమర్పింపమరచినది. ఆమె పని శ్రేష్ఠమైనది. లోపము కొంత మాది. మార్గదర్శకుడై మేమును తేదీలు చూచుకొనలేదు. తరువాత వానిని సరిదిద్దుకొనుటకు ఆమెకు ఎనిమిది నెలలు పట్టెను.

అది మొదలు మా యొద్ద నమోదైన ప్రతివారి పేర ఒక నోటుబుక్కు పెట్టితిమి. ప్రతి పుటయందు మూడు గళ్లు: జమ, వసూలు, బాకీ. జమ గడిని చేరిన దినముననే, చేరిన యేటి నిబంధనల నుండి, విద్యార్థి తన చేతితో వ్రాయవలెను. వసూలు గడిలో సంఘపు సంతకమైన కాగితము లేనిదే ఏదియు వ్రాయరాదు. బాకీ గడి ప్రతి సెమిస్టరు మొదట పెన్సిలుతో నింపబడును. ఎం.ఎ. విద్యార్థులకును ఇదే చేయుచున్నాము. వారికి రెండు పుటలు చాలును. విశ్వవిద్యాలయమే ఈ పనిని యంత్రమునకు అప్పగించిన నాడు ఈ పుస్తకములు అవసరముండవు. అందాక, వేసవి సెలవులలో తల్లాడ వచ్చినప్పుడు, విదేశము పోనున్న పిల్లలకుకూడ మేము ఈ మూడు గళ్లనే గీసి ఇచ్చుచున్నాము. ఆ మిరపరైతు చిన్నకుమారుడు ఈ యేడు ఒకటి తీసికొనిపోయెను.