పని చేసిన చేతులకు దేవుని దగ్గర లెక్క ఉంది

నేను అయిదో తరగతి వరకే చదివినవాణ్ని. రాతలో తప్పులుంటే సరిచేసుకొని చదవండి.

మొన్న మా మనుమడు బడి నుంచి ఒక కాగితం తెచ్చినాడు. ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారో రాసుకొని రమ్మన్నారంట. నాయన, ఆటో. అమ్మ, కుట్టు మిషను. తాత, మిల్లు పని, ఇప్పుడు రిటైరు. అవ్వ పేరు దగ్గర మాత్రం "ఏమీ లేదు" అని రాసి, గట్టిగా చదివి వినిపించినాడు. నేను విని ఊరకే ఉన్నా. మా ఆమె పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతుండె. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నా.

నాది గద్వాల వైపు పల్లె. పద్దెనిమిదేండ్లప్పుడు రాయచూరుకు వచ్చి నూలు మిల్లులో బదిలీ కూలీగా చేరినా. పర్మనెంటు మనిషి రాకపోతేనే మనల్ని లోపలికి పిలిచేది. లేకపోతే గేటు నుంచే ఇంటికి. పత్తి రాయచూరుకు కొత్త కాదు. రాజేంద్ర గంజికి బండ్ల మీద, తర్వాత లారీల మీద వచ్చేది. జిన్నింగులో గింజ తీసి, ప్రెస్సులో బేలు కడితే, అది మిల్లుకు వచ్చి బ్లోరూములో దులిపించుకొని, కార్డింగులో దువ్వించుకొని, చివరికి రింగు ఫ్రేము మీద నూలు అయ్యేది. నా పని ఆ రింగు ఫ్రేము దగ్గర. అటూ ఇటూ నడుస్తూ తెగిన పోగును అతకాలి. ఎనిమిది గంటలు నడకే. ఆలస్యమైతే వేస్టు పెరుగుతుంది, మేస్త్రీ నోరు లేస్తుంది.

ఆదివారం చర్చికి పోతే "దేవుని పని" అన్న మాట చాలాసార్లు వినపడేది. అంటే ప్రసంగం, ప్రార్థన కూటం, సువార్త అని నేననుకొంటుంటి. ఆరు రోజులు నేను చేసేది పొట్ట పని, ఏడో రోజు చేసేదే దేవుని పని అని నా లెక్క. కార్డింగులో పనిచేసే ఒక పెద్దాయన ఆ లెక్క మార్చినాడు. "ప్రభువు బోధ మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఎంత వయసు? దగ్గర దగ్గర ముప్పై. అంతకు ముందు ఆయన చేతిలో ఉండింది వడ్రంగి పనిముట్లు. ఆ ఏండ్లన్నీ దేవునికి లెక్కలో లేవంటావా?" అన్నాడు. నాకు జవాబు రాలేదు.

తర్వాత బైబిలు చదువుతుంటే మన బట్ట పనోళ్లే కనపడినారు. కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులతో కలిసి డేరాలు కుట్టినాడు. ఫిలిప్పీలో ఆయన మాట మొదట విన్న లూదియ ఊదారంగు బట్టలు అమ్మే ఆమె. యొప్పేలో దొర్కా అనే ఆమె చనిపోతే, విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించింది ఆమె కుట్టిచ్చిన అంగీలనే. ఆమె గొప్ప ప్రసంగాలు చేసిందని ఎక్కడా లేదు. ఆమె సాక్ష్యం ఆ కుట్టుపనే.

కానీ వాక్యాన్ని వంకరగా పట్టుకుంటే దెబ్బ కూడా తగులుతుంది. మా మిల్లు మూతపడిన ఏడు, బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు, పని చేయనివాడికి తిండి ఎందుకని పౌలు రాసిన మాట తీసుకొని గంటసేపు చెప్పినాడు. ముందు చాపల మీద కూర్చున్నోళ్లలో మాలాగ పని పోయినోళ్లే ఎక్కువ. నేను మధ్యలో లేచి బయటికి వచ్చినా. ఇంటికొచ్చినాక మా ఆమె అన్నది: "పౌలు అన్నది చేయనొల్లనోణ్ని. పని దొరకనోణ్ని కాదు. నీవెందుకు తల దించుకొంటావు?" ఆమె చదివింది మూడో తరగతి.

ఇంకో సంగతి మా కోడలి నాయన చెప్పినాడు. వాళ్లది సింధనూరు దగ్గర క్యాంపు, పూర్వీకులు ఒంగోలు వైపు నుంచి వచ్చినోళ్లు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు, ఒంగోలులో క్లౌ దొర అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండె. సర్వే పని తెలిసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకొని, ఆకలితో ఉన్న జనానికి కూలి పని ఇచ్చినాడు. వాళ్లలో మాదిగ కుటుంబాలు చాలా. ఊళ్లో తోలు పని చేస్తారని వాళ్లను దూరం పెట్టేవాళ్లు. కాలువ మీద వాళ్లు ముష్టి తీసుకోలేదు, తవ్విన మట్టికి కూలి తీసుకొన్నారు. గంజి కోసం మతంలో చేరినారన్న మాట రాకూడదని ఆ కరువు నాళ్లలో బాప్తిస్మాలు ఆపినాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకొన్నారు.

మన కర్ణాటకలోనే మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మగ్గాల కార్ఖానా, పెంకుల కార్ఖానా పెట్టినారు. క్రైస్తవులైనారని కులం వెలివేస్తే బతుకుతెరువు పోయినోళ్లకు పని కావాలి గదా. ఖాకీ రంగు బట్ట అక్కడి నేత కార్ఖానాలోనే పుట్టిందంటారు. చేతికి పని ఇవ్వడం కూడా దేవుని పనే అని ఆ పెద్దలకు తెలుసు.

పనికి విలువ ఉందంటే విశ్రాంతికీ, కూలికీ విలువ ఉండాలి. దూది ధూళిలో ఏండ్లు గడిపినోళ్లకు ఈ మాట బాగా తెలుస్తుంది. ఆదివారం సెలవులో ఊపిరి కాస్త తేలికగా ఆడేది. సోమవారం మిల్లులోకి పోతే ఎదను తాడుతో బిగించినట్టుండేది. దాన్ని బిసినోసిస్ అంటారని డాక్టరు చెప్పినాడు. అది మిల్లు ధూళితో వచ్చే రోగమని, నష్టపరిహారం చట్టంలో కూడా ఉందని మాలో చాలామందికి తెలియదు. దగ్గును బీడీ మీద తోసేసినాం. ఇంకా పనిలో ఉన్నోళ్లు సోమవారం దగ్గును లెక్కలోకి తీసుకోండి, డాక్టరుకు చూపించండి, చేసే పని ఏమిటో చెప్పండి.

ఇక కూలి. పొద్దు కుంకక ముందే కూలివాని కూలి ఇవ్వాలని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. బిగబట్టిన కూలి దేవునికి మొర పెడుతుందని యాకోబు రాసినాడు. మా కాలంలో 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం అయిదేండ్లు నిండినవానికి ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. నాకు నాలుగేండ్లు పట్టింది, అదీ ముక్కలు ముక్కలుగా. అడగడానికి పోతే మనదేదో భిక్షమన్నట్టు చూసేవాళ్లు. అది భిక్షం కాదు. జీతం చీటీలు, పిఎఫ్ కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి. హక్కు అడగడం విశ్వాసానికి విరోధం కాదు.

ఆ నాలుగేండ్లు మా ఇల్లు ఎట్ల నడిచింది? మా ఆమె జిన్నింగు మిల్లుకు పోయి పత్తిలో చెత్త ఏరింది. సీజనులో తెల్లవారకముందే పోయి, దీపాలు పెట్టినాక వచ్చి, మళ్లీ వంట. కొడుకు ఫీజు, బియ్యం, నా మందులు అన్నీ ఆ కూలిలోనే. దొర్కా గురించి నలుగురికి చెప్పిన నేను, మనుమడు "ఏమీ లేదు" అని చదివితే నోరు మెదపలేదు. పని విలువ గురించి నేను ఇంకా నేర్చుకొనేది ఉంది.

తెల్లారి మనుమణ్ని పిలిచి ఆ మాట కొట్టేయమన్నా. "మరి ఏం రాయాలి తాతా?" అన్నాడు. "నన్నెందుకు అడుగుతావు, అవ్వను అడుగు" అన్నా. మా ఆమె చేయి కడుక్కొని వచ్చి కూర్చుంది. "జిన్నింగు మిల్లులో పదకొండు సీజన్లు. ఇల్లు, వంట నలభై ఏండ్లు. ఇంకా చేస్తున్నా" అన్నది. గడి చిన్నదైపోయింది. వాడు మిగిలింది పక్కన ఖాళీలో రాసినాడు.

మీ ఇండ్లలో కూడా ఒకసారి అడిగి చూడండి. దేవుడు మీ చేతుల పనిని దీవించును గాక.