పది దాటినా ఆట ఆపని అమ్మాయిలు

షోలాపూర్ పూర్వభాగంలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగే మన తెలుగు బడుల ఆడపిల్లలు ఏడెనిమిది తరగతుల దాకా బాగానే పరుగెత్తుతారు. ఖోఖో, కబడ్డీ పోటీలకు పేర్లిస్తారు. పదో తరగతి దాటేసరికి చాలామంది ఆట ఆగిపోతుంది. ఇంటిపని, బీడీల చాట, పెళ్లి మాటలు ముందుకొస్తాయి.

సరిగ్గా ఆ వయసులోనే జపాన్ అమ్మాయి హొమారె సావా దేశం తరఫున ఆడటం మొదలుపెట్టింది. ఆమె 1978లో టోక్యో శివారు ఫుచూలో పుట్టింది. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఫుట్‌బాల్ ఆడింది. 1993లో, 15 ఏళ్ల వయసులో, జాతీయ జట్టు తరఫున తొలి మ్యాచ్‌లోనే ఫిలిప్పీన్స్‌పై నాలుగు గోల్స్ కొట్టింది. 2015 డిసెంబరులో రిటైరయ్యేనాటికి లెక్క ఇదీ: 205 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 83 గోల్స్, ఆరు ప్రపంచ కప్‌లు.

ఈ అంకెల్లో కనబడనిది ఒకటుంది. అప్పట్లో జపాన్ మహిళల జట్లు చాలావరకు కంపెనీల అండతో నడిచేవి. పగలు ఉద్యోగం, సాయంత్రం సాధన. వ్యాపారాలు దెబ్బతిన్న 1990ల చివర్లో కొన్ని కంపెనీలు జట్లనే మూసేశాయి. మిల్లు మూతపడితే ఏమవుతుందో షోలాపూర్ వాళ్లకు వేరే చెప్పాలా? సావా 1999లో అమెరికా వెళ్లి అక్కడ ఆడింది.

2011 మార్చిలో భూకంపం, సునామీ జపాన్‌ను కుదిపేశాయి. నాలుగు నెలలకే జర్మనీలో ప్రపంచ కప్. క్వార్టర్ ఫైనల్లో సావా అందించిన బంతితో ఆతిథ్య జట్టుపై గోల్ కొట్టిన కరీనా మరుయామా, ఒకప్పుడు ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. అమెరికాతో ఫైనల్లో 117వ నిమిషంలో సావా స్కోరు సమం చేసింది. పెనాల్టీల్లో జపాన్ గెలిచింది. ఆ టోర్నీలో ఎక్కువ గోల్స్ కొట్టిందీ, ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిందీ ఆమే.

జపాన్ సరే, మన వైపు ఎవరున్నారంటే గుగులోత్ సౌమ్య ఉంది. మన తాత ముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ వదిలి వచ్చిన తెలంగాణలోనే, నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా ఆమెది. రైతు కుటుంబం. బడిలో ఆమె పరుగు చూసిన కోచ్ ఫుట్‌బాల్ వైపు మళ్లించారు. 2022లో జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఎంపికైంది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ జట్టుతో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచి, ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు అందుకుంది. 2026 ఆసియా కప్ డ్రాలో భారత్, జపాన్ ఒకే గ్రూపులో పడటం చిత్రమే.

మన బడుల నుంచి దారి లేదనుకోవద్దు. సుబ్రతో కప్‌లో 17 ఏళ్లలోపు బాలికలకు విడిగా పోటీ ఉంది. బడి పేరిటే ఆడాలి. వివరాలకు వ్యాయామ ఉపాధ్యాయులు జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడగవచ్చు. అమ్మానాన్నలను ఒప్పించే పని మాత్రం బడిదే. సాధన ముగిసేసరికి చీకటి పడుతుంది కాబట్టి, పిల్లల్ని ఇంటిదాకా దింపేదెవరో ముందే చెబితే సగం అభ్యంతరాలు తీరతాయి.